మధ్య స్పీకరు మీది శిలాఫలకం

మనిషి రిటైరైతే ఉద్యోగం పోతుందని లోకం అనుకుంటుంది. లోకానికేం తెలుసు! కాకినాడ పొలిమేరల్లో ఉన్న ప్రశాంత నగర్ కాలనీకి ఒక్క పూట వచ్చి వెళ్తే ఆ భ్రమ కాస్తా వదిలిపోతుంది. రిటైరైన ఆఫీసర్లందరూ కూడబలుక్కుని స్థలాలు కొనుక్కుని కట్టుకున్న కాలనీ అది. ఏ గేటు మీద చూసినా పేరు చిన్న అక్షరాల్లోనూ, పాత హోదా పెద్ద అక్షరాల్లోనూ ఉంటుంది. పక్కింటి మామిడికొమ్మ మన గోడ మీదికి వాలితే మామూలు మనుషులు కేకేసి చెబుతారు, లేదా నోరు మూసుకుని కాయలు కోసుకుంటారు. ప్రశాంత నగర్‌లో అలా కాదు. 'విషయం: కొమ్మ అతిక్రమణ గురించి' అని కాగితం రాసి, సంఘం ద్వారా పంపి, జవాబు వచ్చేదాకా కాయల వంక కన్నెత్తి చూడరు. ఈలోగా ఉడతలు తినేస్తాయి. వాటికి సంఘం లేదు కదా.

ఆ సంఘానికి కార్యదర్శి గొర్తి వెంకటాచలం. పంచాయతీ శాఖలో సూపరింటెండెంటుగా చేసి దిగాడు. చెడ్డవాడేం కాదు, ఒకరికి అపకారం తలపెట్టే రకం అంతకంటే కాదు. ఉన్న జబ్బల్లా ఒక్కటే, తన పేరు ఎక్కడైనా రాసి కనిపిస్తే కళ్లజోడు పెట్టుకుని రెండోసారి చదువుకుంటాడు. ఆయన భార్య శేషారత్నానికి సినిమాలంటే ప్రాణం. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఈ వారం ఆడిట్, వచ్చే వారం మంత్రిగారి పర్యటన అంటూ దాటేసి, "రిటైరవనీ, రోజూ సినిమాయే" అని మాటిచ్చాడు వెంకటాచలం. తీరా రిటైరయ్యేసరికి ఆవిడకి నీటికాసుల జబ్బు ముదిరి రెండు కళ్లూ పోయాయి. వెలుగూ చీకటీ తేడా తెలుస్తుంది, అంతే.

"పోనిద్దురూ, బొమ్మ ఎవడిక్కావాలి. నాకు మాట ముఖ్యం" అనేది ఆవిడ.

ఇంట్లో టీవీ లేక కాదు. అందులో మాట చెంబులోంచి వచ్చినట్టు ఉంటుందని ఆవిడ ఫిర్యాదు. పైగా సినిమా అంటే పదిమంది మధ్య చీకట్లో కూర్చోవాలి, వాళ్లు నవ్వితే నవ్వాలి, వాళ్లు ముక్కులు చీదుతుంటే మనమూ కొంగు తడుపుకోవాలి. అందుకే, సంఘం హాలుకి గౌరవ శాసనసభ్యుల నిధుల్లోంచి ఏదో ఒకటి ఇస్తారని తెలియగానే వెంకటాచలం రంగంలోకి దిగాడు. జిమ్ము కావాలన్నవాళ్లకి మోకాళ్ల నొప్పులు గుర్తుచేశాడు. ధ్యానమందిరం కావాలన్నవాళ్లకి వాళ్ల గురకలు గుర్తుచేశాడు. హోం థియేటరు కావాలని తీర్మానం రాయించి, సంతకం పెట్టి, వెంటపడి మంజూరు చేయించుకొచ్చాడు.

మెయిన్ రోడ్డులో షాపున్న కాశిం వచ్చి అన్నీ బిగించాడు. తూర్పు గోడకి పెద్ద తెర. తెర కింద గోడలోనే ఒక గూడు, అందులో మధ్య స్పీకరు. అటూ ఇటూ రెండు, వెనకాల రెండు, మూలన దడదడలాడే పెద్ద డబ్బా ఒకటి.

"వెనకాలవి వానకీ గుర్రాలకీ అండి. పక్కవి పాటకీ మేళానికీ. డబ్బా ఏమో బాంబులకండి. ఈ మధ్యదుందే, ఇది మాటకండి. మనిషి నోరు విప్పాడంటే ఇందులోంచే రావాలి. ఆయ్" అన్నాడు కాశిం, గూట్లోకి చెయ్యి పెట్టి స్పీకరుని తట్టుతూ.

పరీక్ష చేసి చూపించమని వెంకటాచలం శేషారత్నాన్ని తీసుకొచ్చి తెరకి ఎదురుగా కూర్చోబెట్టాడు. కాశిం ఏదో పాత నలుపు తెలుపు సినిమా పెట్టాడు. వెనకాల వాన మొదలైంది. తలుపు కిర్రుమంది. తర్వాత ఎదురుగా, మూరెడు దూరంలో నిలబడి అడిగినట్టు ఒక తల్లి గొంతు వినిపించింది. "అన్నం తిన్నావా నాన్నా?"

శేషారత్నం కుర్చీలో ముందుకి వంగిపోయింది. చెయ్యి చాపింది కూడా, అక్కడెవరో ఉన్నట్టు. "ఏవండీ, నా పక్కనే ఉందండీ ఆవిడ" అంది. ఆ క్షణంలో వెంకటాచలానికి తన సర్వీసంతా ఒక ఎత్తు, ఆ హోం థియేటరు ఒక ఎత్తు అనిపించింది. కళ్లు తుడుచుకుని, కాశిం చూస్తున్నాడని దగ్గాడు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కానీ ప్రారంభోత్సవం ఒకటుంది కదా మన ప్రాణానికి!

సంఘం అధ్యక్షుడు వడ్లమాని త్రివిక్రమరావు నీటిపారుదల శాఖలో సూపరింటెండింగ్ ఇంజనీరుగా చేసినవాడు. శిలాఫలకం లేకుండా కుళాయి తిప్పినా తప్పే అన్నది ఆయన సిద్ధాంతం. నల్లరాయి మీద బంగారు అక్షరాలతో ఫలకం తయారైంది. పైన గౌరవనీయులైన శాసనసభ్యుల పేరు, కింద అధ్యక్షులు, ఉపాధ్యక్షులు, కోశాధికారి, ఆ కింద కార్యదర్శి గొర్తి వెంకటాచలం. తీసుకొచ్చిన రోజునే వెంకటాచలం కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదువుకున్నాడు.

ఇక దాన్ని ఎక్కడ పెట్టాలన్న చర్చ. పడమటి గోడ నిండా మాజీ అధ్యక్షుల ఫోటోలు. ఉత్తరాన కిటికీలు. దక్షిణపు గోడ త్రివిక్రమరావు దగ్గరుండి కట్టించినది, నీటిపారుదల వారి గోడ కాబట్టి అందులో నీరు పారుతూనే ఉంటుంది. మిగిలింది తూర్పు గోడ. తెర పైన పెడదామా అంటే గౌరవనీయులకి దండలు మోసీ మోసీ భుజం పట్టేసింది, తాడు లాగడానికి చెయ్యి పైకెత్తలేరు. ఫోటోగ్రాఫరేమో తెరా ఫలకమూ గౌరవనీయులూ ఒకే ఫోటోలో రావాలన్నాడు. తెర కింద గూడుంది. కొలిచి చూస్తే గూటికీ ఫలకానికీ కుదిరినట్టు కుదిరింది.

"శుభం! ఫలకం కోసమే గూడు కట్టినట్టుంది" అన్నాడు త్రివిక్రమరావు.

మేస్త్రీ సిమెంటు కలిపి ఫలకాన్ని గూటికి అడ్డంగా బిగించేస్తుంటే కాశిం పరిగెత్తుకొచ్చాడు. "అయ్యా, అయ్యా! అది మాటొచ్చే స్పీకరండి! రాయి పెట్టేస్తే మాటెలా వస్తాదండి?"

"మాటదేముందయ్యా, పక్కనించి వస్తుంది. నేను గోదావరి నీళ్లనే ఎటు కావాలంటే అటు మళ్లించినవాణ్ణి" అన్నాడు త్రివిక్రమరావు. కాశిం వెంకటాచలం వంక చూశాడు. వెంకటాచలం ఫలకం వంక చూశాడు. తన పేరు దగ్గర సిమెంటు చుక్క ఒకటి అంటుకుంది. జేబురుమాలు తీసి జాగ్రత్తగా తుడిచాడు.

ప్రారంభోత్సవం దివ్యంగా జరిగిందని పత్రికలో పడింది కాబట్టి దివ్యంగానే జరిగి ఉండాలి. గౌరవనీయులు తాడు లాగారు. సినిమా మొదలైంది. వెనకాల కుంభవృష్టి. గుర్రాలు సభ్యుల నెత్తి మీదుగా పోయాయి. ఉపాధ్యక్షుడి ఇంటావిడ కాళ్లు కుర్చీ మీదికి లాక్కుంది. తెర మీద తల్లి నోరు విప్పింది, కొడుకు నోరు విప్పాడు, ఇద్దరూ చాలాసేపు నోళ్లు ఆడించారు. మాట మాత్రం చీమ చిటుక్కుమన్నంతైనా రాలేదు. గౌరవనీయులు కాసేపు చూసి "బ్రహ్మాండం. ఎంత ప్రశాంతంగా ఉంది!" అని లేచి వెళ్లిపోయారు.

"మాటలేవండీ?" అంది శేషారత్నం మొగుడి చెవిలో.

"వస్తాయి, వస్తాయి" అన్నాడు వెంకటాచలం. రాలేదు.

మర్నాడు కార్యవర్గం కూర్చుంది. త్రివిక్రమరావు పక్కన ఉపాధ్యక్షుడు కంచర్ల ఇమ్మానుయేలు, విద్యాశాఖలో డిప్యూటీగా చేసినవాడు. ఇటు పక్కన కోశాధికారి బుద్ధరాజు సూరపరాజు, ట్రెజరీ ఆఫీసరుగా పదవీ విరమణ పొంది, ఇంకా సంపూర్ణంగా విరమించనివాడు.

"ఫలకం తీసేస్తే సరిపోతుందండి. అరగంట పని" అన్నాడు వెంకటాచలం, మెల్లిగా.



"కార్యదర్శి గారూ," అన్నాడు త్రివిక్రమరావు కుర్చీలో సర్దుకుని, "ఫలకమనేది స్థిరాస్తి. స్పీకరనేది చరాస్తి. చరాస్తి సౌకర్యార్థం స్థిరాస్తిని కదిలించే సంప్రదాయం పరిపాలనలో ఎక్కడా లేదు."

"పోనీ స్పీకరునే బయటికి తీసి పక్కన పెడదామండి."

"ఎలా తీస్తారు?" అన్నాడు సూరపరాజు ఉలిక్కిపడి. "మంజూరైన ప్లానులో స్పీకరు స్థానం తూర్పు గోడ గూడు అని స్పష్టంగా ఉంది. జానెడు జరిపినా అది ప్లాను ఉల్లంఘన అవుతుంది. ఆడిట్ వాళ్లు వస్తే ఎవరు జవాబు చెబుతారు, మీరా?"

"అసలు సమస్య ఉన్నట్టు ఎవరు నిర్ధారించారు?" అన్నాడు ఇమ్మానుయేలు. "సభ్యుల నుంచి లిఖితపూర్వకంగా ఏమీ రాలేదు. వినబడలేదన్నది వ్యక్తిగత అనుభవం. దాన్ని సంస్థాగత లోపంగా పరిగణించలేం."

చర్చించి చర్చించి, ఉప్మా తిని, 'హోం థియేటరునందు సంభాషణలు వినబడకపోవుటను కార్యవర్గము గమనించడమైనది' అని తీర్మానించారు. వెంకటాచలం సంతకం పెట్టి ఇంటికొచ్చాడు.

"ఏం తేల్చారు?" అంది శేషారత్నం వాకిట్లోనే.

"గమనించాం."

"ఏం గమనించారు?"

"వినిపించడం లేదని."

"అది నిన్ననే నేను గమనించానుగా! దానికి ఉప్మా దేనికండీ?"

తర్వాత ధ్వని ఉపసంఘం పుట్టింది. సౌండు పెంచితే మాట కూడా దానంతటదే పెరుగుతుందని అది సిఫార్సు చేసింది. పెంచారు. మాట పెరగలేదు కానీ మేళం పెరిగింది. మొదటి పాటకి కిటికీ అద్దాలు గలగలలాడాయి. రెండో పాటకి దక్షిణపు గోడ పెచ్చు ఊడి సూరపరాజు ఒళ్లో పడింది. మూలనున్న డబ్బా దడదడకి రిటైర్డ్ పశువుల డాక్టరుగారి కుక్క గొలుసు తెంపుకుని పారిపోయి, మళ్లీ కాలనీ మొహం చూడలేదు. ఉన్నవాళ్లందరిలో వివేకం ఉన్నది దానికొక్కదానికే అని చెప్పక తప్పదు. ఉపసంఘం మళ్లీ సమావేశమై, సౌండు తగ్గించకుండానే సభ్యులకి చెవుల్లో పెట్టుకోవడానికి దూది సరఫరా చెయ్యాలని నిర్ణయించింది. వినడానికి పెట్టిన యంత్రం ముందు దూది పెట్టుకుని కూర్చున్నారు పెద్దమనుషులు, ఒక్కడంటే ఒక్కడు నవ్వలేదు.

ఆ తర్వాత ఎవరో కనిపెట్టారు, ఫలకానికి చెవి ఆనిస్తే మాట సన్నగా తెలుస్తోందని. ఇంకేం, వంతులు! ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది రిటైరైన నాటి హోదాని బట్టి నిర్ణయించారు. గెజిటెడ్ ఆఫీసర్లు మొదట, తక్కినవాళ్లు తర్వాత, భార్యలు భర్తల హోదాలో. సినిమా నడుస్తుంటే ఒక పెద్దాయన తెర కింద గొంతుక్కూర్చుని రాతికి చెవి ఆనించి విని, వెనక్కి తిరిగి "ఏదో తల్లి గురించి అంటున్నాడు" అని ప్రకటించేవాడు. వినేవాడికి బొమ్మ కనబడదు, చూసేవాడికి మాట వినబడదు. శేషారత్నం వంతు వచ్చేసరికి ఎప్పుడూ శుభం కార్డు పడేది, ఎందుకంటే సూపరింటెండెంటు గెజిటెడ్ కాదు.

"ఏవండీ, మీరు కార్యదర్శి కదా, ఆ మాత్రం చెప్పలేరా?" అంది ఓ రోజు.

"చెప్పాను. పరిశీలనలో ఉంది" అన్నాడు వెంకటాచలం. ముప్ఫయ్యేళ్లు ఎంతమందికి చెప్పాడో ఆ మాట. పెళ్లాంతో చెప్పడం అదే మొదలు. చెప్పాక తనకే రోత పుట్టింది.

చెవులు నొప్పెడుతున్నాయని ఫిర్యాదులొచ్చాక ఇమ్మానుయేలు ముందుకొచ్చాడు. సంభాషణలు తను చదువుతానన్నాడు. పెదాల కదలికని బట్టీ, సందర్భాన్ని బట్టీ సారాంశం గ్రహించి, మైకులో, శుద్ధమైన భాషలో సభ్యులకి తెలియజేస్తానన్నాడు. పిల్లలు పరీక్షలు ఎలా రాయాలో ఉపాధ్యాయులకి జీవితమంతా చెప్పినవాడాయన, పాత్రలు ఎలా మాట్లాడాలో చెప్పడానికి మొహమాటపడతాడా! ఆ సాయంత్రం తెర మీద తల్లి మంచం పట్టింది. కొడుకు ఆవిడ కాళ్ల మీద పడి గుండెలు బాదుకుంటున్నాడు. ఇమ్మానుయేలు గొంతు సవరించుకున్నాడు.

"మాతృమూర్తి అనారోగ్య కారణమున శయ్యాగతులైనందున, సదరు కుమారుడు తన ప్రగాఢ విచారమును వ్యక్తపరచుచున్నారు. గతమున తానొనర్చిన లోపములను మన్నించవలసినదిగా కోరుచున్నారు. అందుకు మాతృమూర్తి సానుకూలముగా స్పందించియున్నారు."

తర్వాత తోటలో పాట. నాయిక సిగ్గుపడి చెట్టు చాటుకి పోయింది. నాయకుడు వెంటపడ్డాడు.

"నాయకుడు వివాహ ప్రతిపాదనను సమర్పించుచున్నారు. నాయిక ప్రస్తుతము ఎట్టి నిర్ణయమునూ వెలువరించలేదు. విషయము తండ్రిగారికి నివేదించబడును."

"చాలా స్పష్టంగా ఉంది! అసలు సినిమా వాళ్లకి భాష రాదు" అన్నాడు త్రివిక్రమరావు పొంగిపోయి. పక్క కాలనీ సంఘం వాళ్లు ఈ విధానాన్ని అధ్యయనం చెయ్యడానికి వచ్చి, టీ తాగి, తమ హాల్లో బాగానే పలుకుతున్న స్పీకరుకి కూడా ఒక ఫలకం పెట్టించుకున్నారు.

శేషారత్నం ఆ రోజు సినిమా అయిపోయాక కుర్చీలోంచి లేవలేదు. అందరూ వెళ్లిపోనిచ్చి, "నన్ను ఆ రాయి దగ్గరికి తీసుకెళ్లండి" అంది.

వెంకటాచలం చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. ఆవిడ ఫలకం మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా ఉన్నట్టుంది, ఒకసారి చెయ్యి తీసి మళ్లీ పెట్టింది. వేలితో అక్షరాలు తడుముకుంటూ పైనుంచి కిందికి వచ్చింది.

"ఇది?"

"గౌరవనీయులది."

"ఇది?"

"అధ్యక్షులది."

ఇంకా కిందికి వచ్చింది. ఒక చోట ఆగింది. ఆవిడ ఆ వరస మొత్తం, ఒక్కో అక్షరమే, మొదట్నుంచీ చివరిదాకా తడిమింది.

"మీదేనా?"

"ఊఁ."

"బాగా లోతుగా చెక్కారు" అంది శేషారత్నం. ఇంటికొచ్చి అన్నం వడ్డించుకునే వేళ, "ఇంక నేను ఆ హాలుకి రానండి. నాకు మాటిచ్చినందుకు మీరేం బాధపడకండి, ఇచ్చారు, చాలు" అంది. వెంకటాచలం ముద్దని కంచంలోనే వదిలేశాడు. కోపంగా అని ఉంటే బాగుండును. మామూలుగా అంది.

మర్నాడు తెల్లారగానే ఆయన కూర్చుని, ఫలకం తక్షణం తొలగించాలని నోట్ రాశాడు. ఒప్పుకోకపోతే పదవి వదిలేస్తానని కూడా రాశాడు. కార్యవర్గం గొంతులో వెలక్కాయ పడుతుందనుకున్నాడు. వాళ్లు చిరునవ్వు నవ్వారు.

"ఎందుకు ఒప్పుకోం? తప్పకుండా తొలగిద్దాం" అన్నాడు త్రివిక్రమరావు. "అయితే గౌరవనీయులు ఆవిష్కరించిన ఫలకాన్ని మేస్త్రీ చేత పీకించడం మర్యాద కాదు. ఆవిష్కరించిన చేతుల మీదుగానే తొలగింపబడాలి. సముచిత గౌరవంతో, సభా పూర్వకంగా. ఆ ఏర్పాట్లు నాకొదిలెయ్యండి, మీరు విశ్రాంతి తీసుకోండి."

అన్నంత పనీ చేశాడు. గౌరవనీయుల తేదీ దొరకడానికి ఎండాకాలం పోయి వానలొచ్చాయి. పందిరి వేశారు. తొలగింపు కోసం కొత్త గునపం కొని, దానికి వెండి రంగు పూసి, ఎర్ర రిబ్బను కట్టి, పట్టుగుడ్డ పరిచిన పళ్లెంలో పెట్టారు. వెంకటాచలం ఇంటికి పోయి శేషారత్నాన్ని బతిమాలాడు.

"ఇవాళ తీసేస్తున్నారు, నా మాట విను. మొదటిరోజు నువ్వు విన్న ఆ పాత సినిమాయే పెట్టమన్నాను."

ఆవిడ జుట్టు సవరించుకుని, "ఆకుపచ్చ చీర ఎక్కడుందో తీసిపెట్టండి" అంది.

గౌరవనీయులు వచ్చారు. దండలేశారు. గునపం ముట్టుకున్నారు, ఫోటో తీశారు. మేస్త్రీ నిజంగా ఫలకాన్ని ఊడదీశాడు. దానికో దండ వేసి, శాలువా కప్పి, అవతలి గదిలోకి మోసుకుపోయారు. కాశిం గూట్లోని స్పీకరు మీద దుమ్ము దులిపి తీగలు సరిచూసి "హలో, హలో" అన్నాడు. ఆ హలో నేరుగా వచ్చి శేషారత్నం ముందు నిలబడింది. ఆవిడ మొహం విప్పారింది. వెంకటాచలం గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు త్రివిక్రమరావు మైకు అందుకున్నాడు. "ఈ చరిత్రాత్మక ఘట్టాన్ని భావితరాలు మరిచిపోకూడదన్న సదుద్దేశంతో..."

నలుగురు మనుషులు బల్ల మీద ఏదో మోసుకొచ్చారు. మీద పట్టుగుడ్డ. గుడ్డ తీశారు. నల్లరాయి, బంగారు అక్షరాలు, పాతదానికంటే వెడల్పు. 'ఇచ్చట గల శిలాఫలకము గౌరవ శాసనసభ్యుల అమృత హస్తములచే తొలగింపబడినది.' కింద పేర్లు. ఈసారి గొర్తి వెంకటాచలం పేరు రెండో వరసలో, అధ్యక్షుడి పక్కన, పెద్ద అక్షరాల్లో ఉంది.

"మీ కృషికి గుర్తింపు. ఆశ్చర్యపరుద్దామని చెప్పలేదు" అన్నాడు త్రివిక్రమరావు చెవిలో.

వెంకటాచలం చెయ్యి దానంతటదే కళ్లజోడు కోసం జేబులోకి పోయింది. పాపం, అలవాటు. ఆయన ఒకసారి చదువుకున్నాడు. రెండోసారి మొదలెట్టేలోపే మేస్త్రీ సిమెంటు పూసి, ఫలకాన్ని అదే గూటికి, అదే స్పీకరు మొహానికి అడ్డంగా బిగించేశాడు. చప్పట్లు మోగాయి. దీపాలు ఆరాయి. సినిమా మొదలైంది.

వెనకాల వాన. తలుపు కిర్రుమంది. తల్లి నోరు విప్పింది, కొడుకు నోరు విప్పాడు. అందరూ అలవాటు ప్రకారం తల పంకిస్తూ చూస్తున్నారు. ఇమ్మానుయేలు మైకు కోసం వెతుక్కుంటున్నాడు. సినిమా పావుగంట నడిచింది. శేషారత్నం చీర కుచ్చిళ్లు సర్దుకుని, నిటారుగా, పెళ్లివారి కోసం చూస్తున్నట్టు కూర్చుని ఉంది. మెల్లిగా మొగుడి వైపు వంగింది.

"ఏవండీ, ఇంకా ఎప్పుడు మొదలెడతారు?"

వెంకటాచలం లేచాడు. నేరుగా తెర దగ్గరికి నడిచాడు. పళ్లెంలో వెండి గునపం అలాగే ఉంది. తీసుకున్నాడు. గౌరవనీయులు చూసి, ఇది కూడా కార్యక్రమంలో భాగమనుకుని ముందుగా చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టారు కాబట్టి అందరూ కొట్టారు.

"సార్, ఇటు చూడండి!" అన్నాడు ఫోటోగ్రాఫరు.

సిమెంటు ఇంకా ఆరలేదు. గునపం సందులో దూర్చి ఒక్క ఊపు ఊపేసరికి ఫలకం ఒళ్లు విరుచుకున్నట్టు ముందుకి వాలి, నేల మీద పడి నాలుగు చెక్కలైంది. గౌరవనీయులొక చెక్కలో, అధ్యక్షుడొక చెక్కలో, వెంకటాచలం రెండు చెక్కల్లో పడ్డారు. త్రివిక్రమరావు నోరు తెరిచాడు. ఆయన నోట్లోంచి మాట రాలేదు కానీ, గూట్లోంచి వచ్చింది, ఆ తల్లి పూటపూటకీ కొడుకుని అడిగే మాటే.

"అన్నం తిన్నావా నాన్నా?"

శేషారత్నం రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, "ఆఁ, ఇప్పుడు మొదలైంది" అంది, అందరికీ వినబడేలా.

ఇంత ఘోరం జరిగితే ఊరుకుంటారా? అత్యవసర సమావేశం జరిగింది. కార్యదర్శిని తక్షణం తొలగించాలనీ, సతీసమేతంగా హాల్లోకి రాకుండా నిషేధించాలనీ, ఈ దుశ్చర్యని ఖండిస్తూ అదే గూటికి మూడో ఫలకం ప్రతిష్ఠించాలనీ ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ ఫలకం మీద దోషి పేరు ఒక్కటే, ఎన్నడూ లేనంత పెద్ద అక్షరాల్లో చెక్కించాలట. ఇనీషియలు సరిచూసి పంపవలసిందిగా దోషినే కోరారు.

ఇక్కడొక చిన్న చిక్కు వచ్చింది. సంఘం నియమావళి ప్రకారం ఎవరికి ఏ నోటీసు పోవాలన్నా దాని మీద కార్యదర్శి సంతకం ఉండాలి. కార్యదర్శిని తొలగించే నోటీసుకైనా సరే. నియమావళిలో లేని పని చెయ్యడానికి ప్రశాంత నగర్‌లో మగాడు పుట్టలేదు. కాబట్టి నోటీసు పద్ధతి ప్రకారం వెంకటాచలం ఇంటికే వచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని తన పేరు ఒక్కసారే చదివాడు. మార్జిన్‌లో 'పరిశీలనలో ఉంది' అని రాసి, సంతకం పెట్టకుండా, పచ్చళ్ల జాడీల వెనక్కి తోసేశాడు.

మూడో ఫలకం తయారై పట్టుగుడ్డ కప్పుకుని అవతలి గదిలో కూర్చుంది. ఆవిష్కరణకి గౌరవనీయుల తేదీ కావాలి. ఎన్నికలన్నారు, అసెంబ్లీ అన్నారు, భుజం నొప్పన్నారు, ఇంతవరకూ దొరకలేదు. ఈలోగా గూడు ఖాళీగా ఉంది కాబట్టి స్పీకరు మాట్లాడుతోంది. తల్లులు ఏడుస్తున్నారు, కొడుకులు క్షమాపణలు అడుగుతున్నారు, నాయికలు ఎవరికీ నివేదించకుండానే ఒప్పేసుకుంటున్నారు. కార్యవర్గం వారు కూడా వచ్చి, నిరసన తెలుపుతూ, ముందు వరసలోనే కూర్చుని చూసిపోతున్నారు.

రోజూ సాయంత్రం హాలుకి బయల్దేరే ముందు శేషారత్నం దేవుడి దగ్గర దీపం పెట్టి, కళ్లు మూసుకుని, ఆ గౌరవనీయుల పేరు చెప్పి మరీ దణ్ణం పెట్టుకుంటుంది.

"చల్లగా చూడు తండ్రీ. చేతినిండా పనివ్వు. తీరిక మాత్రం ఇవ్వకు."